చక్రాల ఇంటిలో చెమ్మ

అమెరికాలో క్యాంపర్ ట్రైలర్లలో విహరించే మనవారు చలినీ వేడినీ పట్టించుకున్నంతగా గాలిలోని తేమను పట్టించుకోవాలని నా అభిప్రాయం. ఆ ఇరుకు గదిలో మన శ్వాసలోని తేమ, వంట ఆవిరి చల్లని గోడలపై నీరుగా మారుతాయి. పరుపు కింద బూజు పట్టి, ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం పెరుగుతుంది.

ఏసీ నడిచినంతసేపూ గాలిలోని తేమను నీరుగా మార్చి బయటకు పంపుతుంది. ట్రైలరు పరిమాణానికి మించిన ఏసీ అయితే త్వరగా ఆగిపోయి, చల్లదనం ఇచ్చి చెమ్మను వదిలేస్తుంది. పొగగొట్టం ఉన్న హీటరు గదిని పొడిగా ఉంచుతుంది. పొగగొట్టం లేని ప్రొపేన్ హీటరు మాత్రం కిలో ఇంధనానికి సుమారు 1.6 కిలోల నీటి ఆవిరిని లోపలే వదులుతుంది. కార్బన్ మోనాక్సైడ్ వల్ల ప్రాణాపాయమూ ఉంది. దానిని వెలిగించి నిద్రించకండి.

తేమను కొలిచే చిన్న మీటరు కొని, 30-50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. చలికాలంలో సైతం పైకప్పు కిటికీని కొద్దిగా తెరిచి ఉంచండి.