దేశదేశాల బడులు: జపానులో పైకి చదువు

పిల్లలూ! పాఠం పైకి చదవడం మంచిదా, మనసులో చదువుకోవడం మంచిదా? జపాను దేశంలో చిన్న తరగతులవారు పైకే చదువుతారు. దానిని అక్కడ 'ఒన్‌దోకు' అంటారు. ధ్వనితో చదవడం అని అర్థం.

దీనికి గట్టి కారణమే ఉన్నది. మన తెలుగులో అక్షరం చూడగానే ధ్వని తెలిసిపోతుంది. జపాను వారికి కూడా ధ్వనిని తెలిపే అక్షరాలు ఉన్నవి. కాని వాటితోపాటు, పూర్వం చైనా నుంచి వచ్చిన 'కంజీ' అనే గుర్తులు కూడా ఉన్నవి. ఒకే గుర్తును ఒక్కొక్కచోట ఒక్కొక్క విధంగా పలకాలి. ఆదివారాన్ని వారు 'నిచియోబి' అంటారు. ఈ మాటను మూడు గుర్తులతో రాస్తారు. మొదటిదీ, చివరిదీ ఒకటే—సూర్యుడి గుర్తు. అయినా మొదట దానిని 'నిచి' అనీ, చివర 'బి' అనీ పలకాలి. విడిగా ఉంటే అదే 'హి' అవుతుంది!

ఇటువంటి గుర్తులు ఆరేళ్ళ ప్రాథమిక విద్యలో 1,026 నేర్చుకోవాలి. మనసులో చదివేవాడు తెలియని గుర్తు వస్తే అర్థం ఊహించుకుని దాటిపోవచ్చు. పైకి చదివేవాడికి ఆ వీలు లేదు. నోరు అక్కడే ఆగిపోతుంది. లోపం ఎక్కడ ఉన్నదో గురువుకూ తెలుస్తుంది, వాడికీ తెలుస్తుంది.

ఒకప్పుడు గురువు చదివితే పిల్లలు ఆ వాక్యాన్నే తిరిగి చదువుతారు. ఒకప్పుడు అందరూ ఒక్క గొంతుతో చదువుతారు. పిరికివాడికి కూడా ధైర్యం వస్తుంది. మరొక పద్ధతి తమాషాగా ఉంటుంది. జపాను వాక్యం చివర చిన్న సున్న ఉంటుంది. అది రాగానే ఒకడు ఆగాలి, పక్కవాడు అందుకోవాలి. పరాకుగా ఉన్నవాడు పట్టుబడిపోతాడు! ఇంటి దగ్గర అమ్మకో నాన్నకో పాఠం చదివి వినిపించాలి. విన్నవారు ఒక చీటీ మీద గుర్తు పెట్టి బడికి పంపుతారు.

ఈ అలవాటు పాతదే. 1949లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమానం పొందిన హిదెకీ యుకావా చిన్నతనంలో తాతగారి దగ్గర చైనా ప్రాచీన గ్రంథాలను అర్థం తెలియకుండానే పైకి చదివాడు. దానివల్ల కంజీ అంటే జంకు పోయిందనీ, ఆ చదువు వృథా కాలేదనీ తరవాత రాశాడు.

జపాను పిల్లవాడికి అర్థం తెలిసినా నోరు ఆగిపోవచ్చు. మనకు నోరు సాగిపోతూనే అర్థం వెనకబడిపోవచ్చు! అందుచేత మీరు పాఠం పైకి చదివాక పుస్తకం మూసి, చదివినదేమిటో మీ సొంత మాటలలో ఇంట్లోవారికి చెప్పి చూడండి. ఎక్కడ తడబడితే అక్కడ మళ్ళీ చదవండి.