పచ్చ మచ్చ కనబడితే సమాధేనా?
ఇంగ్లండులో గోధుమ చేల మీదుగా విమానం వెళ్తుంటే కింద ఒకచోట ముదురాకుపచ్చ మచ్చ కనబడుతుంది. కెమెరా పట్టుకున్నవాడి గుండె ఝల్లుమంటుంది, కంచు యుగపు సమాధి దొరికిందని! నేనైతే ముందు పాత మట్టిగొయ్యి అనుకోమంటాను. మనవాళ్లు వేసవిలో చెరువు మట్టి తోలినట్టే అక్కడి రైతులు శతాబ్దాల పాటు పొలంలోనే గొయ్యి తవ్వి, సున్నం కలిసిన బంకమన్ను తీసి చేలకు చల్లారు. దాన్ని మార్ల్ అంటారు. అక్కడి చెషైర్ కౌంటీలో ఇవాళ నీటిగుంటల్లా కనిపించేవి చాలావరకు ఆ గోతులే. పూడ్చినా గొయ్యి దాగదు. అందులో మట్టి లోతుగా ఉండి తేమను పట్టి ఉంచుతుంది. చుట్టూ పైరు పసుపెక్కినా అక్కడిది ఏపుగా, పచ్చగా నిలుస్తుంది. అందుకే 2018 లాంటి ఎండల వేసవి ఆకాశం నుంచి వెతికేవాళ్లకు పండగ (రైతుకు కాదనుకోండి). 1928లో పురావస్తు పరిశోధకులు క్రాఫర్డ్, కైలర్ కలిసి ‘వెసెక్స్ ఫ్రమ్ ది ఎయిర్’ అనే పుస్తకం తెచ్చిన నాటి నుంచీ ఈ విద్యలో మోజు సమాధుల మీద, కోటల మీదే. మట్టి తవ్విన కూలివాడి గొయ్యి ఎవరికి కావాలి? రెంటికీ తేడా ఆకారంలో ఉంది. సమాధి చుట్టూ ఉండే కందకం కొలిచి గీసిన వలయంలా ఉంటుంది. గొయ్యి అంచు వంకరటింకర, తరచు ఒక పక్క బండి దిగిన వాలు. అప్పటికీ తేలకపోతే చర్చికి కట్టే దశమభాగ పన్ను మీద 1836లో వచ్చిన చట్టం తర్వాత గీసిన పటాలు, వాటి జాబితాలు తీసి పొలం పేరు చదవాలి. ‘మార్ల్ పిట్ ఫీల్డ్’ అని ఉంటే పార ఇంట్లోనే పెట్టి రావచ్చు.