ప్లాటుకు అనుమతి సరే, పంట కాలువ సంగతేంది?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల – ఈ మూడు ఊర్లలో ఏ ఊరి నుంచి ఏ దారి పట్టినా చేన్ల మధ్య రంగులేసిన హద్దురాళ్లు కనబడుతున్నాయి. వరి, పసుపు, శనగ, అరటి పండిన భూములు సెంట్ల లెక్కన అమ్ముడుపోతున్నాయి. వీటిలో అనుమతి తెచ్చుకుని వేసిన లేఔట్లు ఉన్నాయి, ఏ కాగితమూ లేకుండా వేసినవీ ఉన్నాయి. కాగితం లేనివాటికి ప్రభుత్వం ఉండుండి ఒక తలుపు తెరుస్తుంది. రుసుం కట్టండి, సక్రమం చేస్తాం అంటుంది. అదే ఎల్‌ఆర్‌ఎస్.

ఉమ్మడి రాష్ట్రంలో 2007 డిసెంబరు 31న ఇలాంటి ఉత్తర్వు వచ్చింది. మన రాష్ట్రంలో 2020 జనవరిలో మళ్లీ వచ్చింది. 2019 ఆగస్టు 31 లోపు వాటికే అన్నారు. 2025లో ఆ తేదీని జూన్ 30కి జరిపారు. తేదీ ఎప్పుడైనా జరుగుతుందని తెలిసిన వ్యాపారి ముందుగా అనుమతి కోసం ఆఫీసుల చుట్టూ ఎందుకు తిరుగుతాడు?

ప్లాటు కొన్నవాళ్ల మీద మనకు కోపం లేదు. వాళ్లు మగ్గం నేసేవాళ్లు, చిన్న ఉద్యోగులు, కువైట్‌లో కష్టపడి డబ్బు పంపినవాళ్లు. భూమి అమ్మిన రైతు మీదా కోపం లేదు. పంటకు ధర ఉండి, అప్పు తీరే దారి ఉంటే ఎవరూ చేను అమ్ముకోరు. మన ప్రశ్న వేరే. సక్రమం చేసేటప్పుడు పక్క చేని రైతును ఎవరైనా అడుగుతున్నారా?

కాలువల హద్దుకు, వాగుకు ఆనుకున్న స్థలాలను, చెరువు లోపలి భూములను సక్రమం చేయకూడదని నిబంధనల్లోనే ఉంది. మంచిదే. కేసీ కాలువ, మైలవరం కాలువలు, పులివెందుల బ్రాంచి కాలువ పటాల్లో ఉంటాయి కాబట్టి వాటిని చూసి ఆపవచ్చు. కానీ తూము నుంచి మన మడి దాకా వచ్చే పిల్లకాలువ చాలాచోట్ల పట్టా భూముల మీదుగానే పోతుంది. తాతల కాలంలో మాట మీద తవ్వుకున్నది. సర్వే పటంలో గీత ఉండదు. బండి దావ కూడా అంతే. ఎగువ చేను లేఔటు కాగానే మట్టి తోలి చదును చేస్తారు, పిల్లకాలువ పూడిపోతుంది. దిగువన నాలుగైదు చేన్లకు నీళ్లు ఆగిపోతాయి. వానొస్తే మురుగు పోయే దారి లేక అవే చేన్లు మునుగుతాయి. రెండు మూడేళ్లు బీడు పెట్టుకున్నాక ఆ రైతు కూడా అమ్మకానికి వస్తాడు. ఒక లేఔటు పక్కనే ఇంకో లేఔటు పుట్టేది ఇట్లనే.

ఆ తర్వాత ప్లాటు సక్రమమైందని కాగితం వస్తుంది. పూడిన కాలువ గురించి అందులో ఒక్క ముక్క ఉండదు. లేఔటులో వదలాల్సిన ఖాళీ జాగా వదలనందుకు స్థలం విలువలో 14 శాతం కట్టాలని 2020 నిబంధనల్లో పెట్టారు. అది కట్టేది ప్లాటు కొన్న పేదవాడు. లాభం తీసుకుని పోయిన వ్యాపారిని అడిగేవాడు లేడు. ఇప్పుడు 2006 నాటి నాలా చట్టం రద్దుకూ 2025లో శాసనసభ ఒప్పుకుంది. ఆ చట్టం కింద అధికారి పేరుకైనా భూమిని చూడాల్సి ఉండేది. ఇకమీదట పక్క చేని నీటి సంగతి ఎవరు చూడాలి?

చట్టంలో మనకు బలం లేకపోలేదు. పంజాబ్‌లో ఒక ఊరి చెరువును పూడ్చి ఇండ్లు కట్టిన కేసులో సుప్రీంకోర్టు 2011 జనవరి 28న తీర్పు చెప్పింది. ఊరుమ్మడి భూముల ఆక్రమణలను డబ్బు కట్టించుకుని సక్రమం చేయడం కుదరదన్నది. పట్టా భూమిలోని పిల్లకాలువకు 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం ఉంది. ఎవరి అనుమతీ అడగకుండా, అడ్డం లేకుండా, హక్కుగా 20 ఏళ్లు నీళ్లు పారించుకుంటే అది హక్కే. అయితే అడ్డం వేశారని తెలిసీ ఏడాది ఊరుకుంటే వాడుక తెగినట్టే లెక్క. దావా రెండేళ్లలోపే వేయాలి. కాబట్టి మట్టి పడిన వారంలోనే రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వండి, రసీదు తీసుకోండి.

ప్రభుత్వాన్ని మనం అడిగేవి ఇవి:

1. ఎల్‌ఆర్‌ఎస్ దరఖాస్తు వచ్చిన ప్రతి సర్వే నంబరు జాబితాను గ్రామ సచివాలయంలో అతికించాలి. పక్క రైతుల అభ్యంతరాలకు గడువు ఇవ్వాలి.

2. నీటి వినియోగదారుల సంఘం నుంచి పిల్లకాలువకు అడ్డం లేదని రాసిచ్చాకే కాగితం ఇవ్వాలి. 2024 డిసెంబరులో ఎన్నికలు పెట్టింది ఊరికే కుర్చీలు వేసుకోవడానికి కాదు గదా.

3. కాలువ పూడి ఉంటే ముందు తీయించాలి, లేదా లేఔటు అంచున కొత్తది వేయించాలి. ఆ ఖర్చు లేఔటు వేసినవాడే పెట్టాలి.

4. పిల్లకాలువలు, బండి దావలు సర్వే పటాల్లోకి ఎక్కించాలి.

ఊరూరా మన సంఘం చేయాల్సిన పనీ ఉంది. ఈ వేసవిలో కాలువలు ఎండినప్పుడు ప్రతి తూము కింద పిల్లకాలువ వెంబడి నడవండి. అది ఏ సర్వే నంబర్ల మీదుగా పోతోందో, ఎవరెవరి చేన్లకు పారుతోందో ఒక కాగితం మీద రాయండి. రైతులందరి సంతకాలు పెట్టించి ఒక నకలు తహసీల్దారుకు, ఒకటి నీటిపారుదల ఇంజనీరుకు, ఒకటి పంచాయతీకి ఇవ్వండి. పటంలో లేని కాలువకు ఆ కాగితమే సాక్ష్యం. హద్దురాళ్లు పడ్డాక వెతుక్కునే బదులు పడకముందే ఆ సాక్ష్యం చేతిలో పెట్టుకుందాం.