బిడ్డల చదువు: “నీకెట్లు తెలిసినది?”



బడినుండి వచ్చిన బిడ్డను “నేడేమి నేర్చుకొంటివి?” అని యడుగని తల్లి యుండదు. భూమి గుండ్రముగా నున్నదనియో, ఉప్పు నీట కరగుననియో బిడ్డ గడగడ నప్పగించును. తల్లి సంతోషించును. ఆ ప్రశ్నకు తోడుగా మఱియొక ప్రశ్నను చేర్పుడని మేము కోరుచున్నాము. “అది నీకెట్లు తెలిసినది?” అనునదే యా ప్రశ్న.

ఇది క్రొత్తది కాదు. జ్ఞానము కలుగు మార్గములను మన పూర్వులు ప్రమాణములనిరి. న్యాయశాస్త్రము నాలుగింటి నంగీకరించినది. కంటితో చూచి, చేతితో తాకి తెలిసికొనుట ప్రత్యక్షము. ఒక గుఱుతునుబట్టి కనబడనిదానిని తెలిసికొనుట అనుమానము. ఎఱిగినదానితో పోల్చి యెఱుగనిదానిని గుర్తించుట ఉపమానము. నమ్మదగినవారి మాటచే తెలిసికొనుట శబ్దము. ఆంధ్రుడని ప్రసిద్ధుడగు అన్నంభట్టు 17వ శతాబ్దమున వీనిని “తర్కసంగ్రహ”మను చిన్న పొత్తమున కూర్చెను. బాలురకు సుఖముగా తెలియుటకే దానిని రచించుచున్నట్లు మొదటనే చెప్పుకొనెను. కావున నీ విచారము పండితుల సొత్తు మాత్రమే కాదు.

అందలి ప్రసిద్ధమైన యుదాహరణము మన వంటయింటిదే. కొండపై నిప్పున్నది. ఏల? పొగ కానవచ్చుచున్నది గనుక. పొగ యున్నచోట నిప్పుండుట వంటయింట చూచినదే గదా! ఆ కొండమీదను అట్టి పొగయే కలదు. కావున నచట నిప్పున్నది. చెప్పదలచిన మాట, కారణము, ఎఱిగిన దృష్టాంతము, అన్వయము, తుదినిర్ణయము అను నీ యైదు మెట్లను ఏ పాఠమునకైనను బిడ్డచే నెక్కింపవచ్చును.

ఇక తలక్రిందులుగా నడుగుడు. నిప్పున్నచోట నెల్ల పొగ యుండునా? గ్యాసుపొయ్యిని చూచిన బిడ్డ “లేదమ్మా” యనును. తార్కికులు ఎఱ్ఱగా కాలిన యినుపగుండును చూపి, తడికట్టె తోడైననే నిప్పునకు పొగ కలుగుననిరి. తడికట్టెలతో కన్నులు మండించుకొని వండిన స్త్రీల కీ సూత్రమును వేఱుగ బోధింప నక్కఱలేదు.

అమెరికాలో మాథ్యూ లిప్‌మన్ అను తత్త్వశాస్త్రాచార్యుడు బాలురకై వ్రాసిన కథయందును ఇట్టి సంగతియే కలదు. గ్రహములన్నియు సూర్యునిచుట్టు తిరుగును గనుక, అట్లు తిరుగునదెల్ల గ్రహమేయని తలచి, హ్యారీ యను బాలుడు తరగతిలో హేలీ తోకచుక్కను గ్రహమని చెప్పి నవ్వులపాలగును. అయినను ఊరకుండక తన తర్కమెక్కడ తప్పినదో తానే వెదకి కనుగొనును. లిప్‌మన్ 1974లో మాంట్‌క్లెయిర్‌నందు ఈ విద్యకై యొక సంస్థను స్థాపించెను. పిల్లలు కలిసి కూర్చుండి, కథ చదివి, తామే ప్రశ్నలు వేసి, ఒకరినొకరు కారణమడుగుట ఆయన పద్ధతి.

ఇందువలన నేమి లాభమందురా? బిడ్డలు నేర్చుదానిలో నధికభాగము శబ్దమే. భూమి సూర్యునిచుట్టు తిరుగుట వారు కంటితో చూడలేదు. గురువును, పుస్తకమును నమ్మినారు. అది తప్పు కాదు. కాని నమ్మదగినవాడెవడు? విషయమెఱిగి, ఎఱిగినదానిని మార్చక చెప్పువాడు. ఈ విచక్షణ లేని బిడ్డకు గురువు మాటయు, సెల్‌ఫోనులో నెవ్వరో పంపిన పుకారును ఒక్కటిగనే తోచును. ఏదో యాకురసము సర్వరోగములను మాన్పునని నమ్మి వైద్యుని మందు మానినచో నష్టము ప్రాణమునకే గదా!

ఆడపిల్ల “ఏల?” యన్నచో “ఎదురు చెప్పకు” మనుట కొన్ని యిండ్లలో నింకను వినవచ్చుచున్నది. కారణమడుగుట ఎదిరించుట కాదు. అడుగ నేర్వని పిల్ల రేపు కాగితముపై వ్రేలు చూపినచోట సంతకము చేయును.

ఈ మాసమున నొక్కటి చేసి చూడుడు. గ్లాసెడు నీట చిటికెడుప్పు కలిపి, “ఉప్పు పోయినదా, ఉన్నదా?” యని యడుగుడు. ఛాందోగ్యోపనిషత్తునందు ఉద్దాలకుడు కుమారుడైన శ్వేతకేతునకు బ్రహ్మవిద్య నుపదేశించుచు చేయించిన పరీక్షయు ఉప్పునీటితోడిదే. బిడ్డ రుచి చూడవలెను. పిదప మీరే యా నీటిని మరగించి యింకించి, అడుగున నిలిచినదానిని చూపుడు. కంటికి కనబడనంత మాత్రమున లేదనరాదని బిడ్డ తానే గ్రహించును.

జవాబు తప్పైనను నవ్వకుడు. బిడ్డ మిమ్ము నదే ప్రశ్న యడిగినచో కోపింపకుడు. తెలియనిచో “కలిసి వెదకుద” మనుడు. ఉపాధ్యాయినిని కలిసినపుడు మార్కులతో పాటు, “మా బిడ్డ తరగతిలో ప్రశ్నలు వేయుచున్నదా?” యనియు నడుగుడు.