మన రిపోర్టరు రాకెట్ ఎక్కేదెప్పుడు?

చెన్నైలో ఇంగ్లిషు మీడియం చదివే మన పిల్లల్లో చాలామందికి టిన్‌టిన్ తెలుసు. బెల్జియం చిత్రకారుడు హెర్జే 1929లో పుట్టించిన కుర్ర రిపోర్టరు. వార్త రాస్తూ కనబడటం అరుదుగానీ, గొడవ ఉన్నచోట మాత్రం తప్పక ఉంటాడు. 1954లో పుస్తకంగా వచ్చిన కథలో కుక్కపిల్లతో సహా చంద్రుడి మీద దిగేస్తాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ కంటే 15 ఏళ్లు ముందన్నమాట!

ఆ కథలో సైన్సంతా నవ్వుల్లోనే వస్తుంది. రాకెట్‌లో బరువు తెలియని స్థితి రాగానే కెప్టెన్ హాడక్ గ్లాసులోని విస్కీ ఉండచుట్టుకుని గాల్లో తేలుతుంది, ఆయన దాని వెంటపడతాడు. (మనం మజ్జిగ పెట్టుకుందాం, ఎవరొద్దన్నారు?) రాత్రి 1.34కి ప్రయాణమంటే మధ్యాహ్నం 1.34 అనుకున్న ఇద్దరు డిటెక్టివ్‌లు లోపలే ఉండిపోతారు. దాంతో ఆక్సిజన్ లెక్క తప్పి అందరి ప్రాణాల మీదకొస్తుంది. పదేళ్ల పిల్లాడికి ఇంతకన్నా బాగా ఏ పాఠం చెబుతుంది?

ఇలాంటిది తెలుగులో కావాలని అడిగే హక్కు మద్రాసు తెలుగువాళ్లకి బాగా ఉంది. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో 'చందమామ' మొదలెట్టింది ఇక్కడే. దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్ల కోసం ఇంట్లో కొట్టుకున్నవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ పత్రికా ఆగిపోయింది.

పోనీ సరుకు లేదా అంటే, ఆరంబాక్కం దాటితే తడ, ఆ పైన సూళ్లూరుపేట, పక్కనే శ్రీహరికోట. రాకెట్ ఎగిరితే చెన్నైలో డాబా ఎక్కి చూస్తాం. టిన్‌టిన్ చంద్రుడి గుహలో మంచు మీద జారతాడు. చంద్రుడి నేలలో నీటి జాడ ఉందని 2009లో బయటపెట్టింది ఇక్కడి నుంచి వెళ్లిన చంద్రయాన్-1 పరికరాలే.

అసలు బాధ వేరే ఉంది. 2006 చట్టంతో తమిళనాడు బళ్లలో మొదటి భాష తమిళమైంది. మన పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు, అక్షరాలు చూపిస్తే దిక్కులు చూస్తారు. వినతిపత్రాలు, కోర్టులు వాటి దారిన అవి నడవనీండి. పెద్దబాలశిక్ష ఇస్తే పారిపోయే పిల్లాడు, తర్వాతి పేజీలో ఏమైందో తెలియాలంటే కూడబలుక్కునైనా చదువుతాడు. బొమ్మల కథలో ఒక్కో బుడగకి నాలుగైదు మాటలేగా!

ఉగాది సభల్లో శాలువాల ఖర్చు కాస్త తగ్గించి, మన సంఘాలు ఏడాదికో బొమ్మల కథ వేయించొచ్చు. సూళ్లూరుపేట కుర్ర రిపోర్టరు, వెంట ఓ ఊరకుక్క, కౌంట్‌డౌన్ టైము తప్పుగా విన్న మామయ్య. మాటల్లో కాస్త తమిళం దొర్లినా పర్లేదు. ముందు 32 పేజీలు చాలు.