గోల్ కొడితేనే మీవాడా?

క్రికెట్ మ్యాచి వచ్చిందంటే మార్కాపురం పలకల ఫ్యాక్టరీల్లో, గిద్దలూరు టీకొట్ల దగ్గర మాకు ఒకటే ప్రశ్న: "ఏం సాయిబూ, మీరెటు?"

నూర్ మహమ్మద్ ఎవరో మీకు తెలుసా అని మేమడుగుతున్నాం. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు హాఫ్‌బ్యాక్. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల బంగారు పతకం, 1952 హెల్సింకీ, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్. మెల్‌బోర్న్‌లో భారత్‌ది నాలుగో స్థానం. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మళ్లీ అంతదూరం పోలేదు. కోచ్ మా రహీం సాబ్.

ఫ్రాన్సు సంగతీ అంతే. 1998 ఫైనల్లో తలతో రెండు గోల్స్ కొట్టాడు గనక అల్జీరియా కూలి కొడుకు జిదాన్ ఫ్రెంచివాడు. గోల్ కొట్టని కూలి కొడుకో?

నూర్‌ది మధ్యలో బంతి లాక్కుని ముందుకందించే పని. ఆ చాకిరీ మాకు తెలుసు. పలక కోసి చెక్క బిగించినవాళ్లలో మేమూ ఉన్నాం. దానిమీద మీరు దిద్దుకున్న పాఠాల్లో మా నూర్ ఏడీ?