దాతలు తీర్చలేని లెక్క

వాట్సాప్ తెరిస్తే చాలు, క్యాన్సర్ రోగికి సాయం కోరుతూ ఒక పోస్టరు: ఫొటో, ఆసుపత్రి ఎస్టిమేటు, అడుగున క్యూఆర్ కోడ్. ఇవ్వడానికి మనవాళ్లు వెనకాడరు. కాకపోతే ఆ డబ్బు ఎక్కువగా బంధుబలగం, పలుకుబడి ఉన్నవారికే అందుతుంది. ఊరు దాటి ఎవరూ తెలియని కూలీ పోస్టరు నాలుగు ఫోన్ల దగ్గరే ఆగిపోతుంది.

ధర తగ్గితే అలా కాదు, అందరికీ తగ్గుతుంది. కాలేయ, మూత్రపిండాల క్యాన్సర్‌కు వాడే నెక్సావర్ ఒకప్పుడు నెలకు సుమారు 2.80 లక్షల రూపాయలు. 2012లో పేటెంట్ల కంట్రోలర్ తప్పనిసరి లైసెన్సు (పేటెంటుదారు ఒప్పుకోకున్నా మరొకరు తయారుచేసే అనుమతి) ఇవ్వడంతో హైదరాబాద్‌కు చెందిన నాట్కో అదే మందును 8,800కు అమ్మింది. దేశంలో అలాంటి లైసెన్సు అదే మొదటిది. ఎన్ని చందాలు పోగేస్తే అంత తేడా వచ్చేను?

అయినా చందాలకు పనుంది. ప్రభుత్వ పథకం ఆరోగ్యశ్రీ అర్హులకు ఆపరేషన్, కీమో ఖర్చులు మోస్తుంది. తోడు వచ్చిన మనిషి గది అద్దె, భోజనం, పోయిన కూలి మాత్రం చాలావరకు ఇంటి మీదే పడతాయి. చందాలు ముందు చేరాల్సింది అక్కడికి.

ఈ సంచిక కథనాలన్నీ ఈ లెక్కల చుట్టూనే. ఒక్క మాట: వైద్యం కోసం అప్పు పత్రం మీద సంతకం పెట్టేముందు ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ రోగులకు దారిచూపే ఆరోగ్యమిత్రను కలవండి.

– సంపాదకుడు